చెవుల దాకా పనంటే ఎంత పని? "అప్ టు మై ఇయర్స్" సంగతి తేల్చండి

కొత్తూరు_కుర్రాడు
అందరికీ నమస్కారం. నేను మాంచెస్టర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ చేస్తాను. ఈ ఊరికి కొత్త. ఈ వారం రెండు మాటలు విన్నాను. రెండూ పని ఎక్కువగా ఉండటం గురించేనేమో అనిపించింది గానీ, వాటికి పక్కవాళ్ళు స్పందించిన తీరు చూస్తే అలా లేదు.

మొదటిది మా మేనేజరమ్మ చాట్‌లో రాసింది: "అయామ్ అప్ టు మై ఇయర్స్ దిస్ వీక్". దాని కింద రిలీజ్ నోట్స్ ఫైలు పెట్టింది. అంతే, ఇంకో ముక్క లేదు. "ఆల్ ఇయర్స్" అంటే చెవులప్పగించి వింటున్నానని తెలుసు, ఇది అది కాదనీ తెలుస్తూనే ఉంది. కానీ ఆ ఫైలు నన్ను చూడమనా, పూర్తి చెయ్యమనా, లేక తనకు తీరిక దొరికేదాకా ఆగమనా?

రెండోది క్యాంటీన్‌లో. బిల్లుల విషయంలో ఏదో ఎంక్వైరీ నడుస్తున్న ఒకాయన గురించి "హీ ఈజ్ ఇన్ ఇట్ అప్ టు హిజ్ నెక్" అన్నారెవరో. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా టక్కున మాట మార్చేశారు. పనిలో మునిగి ఉన్నాడంటే అంత ఇబ్బంది పడాల్సింది ఏముంది?

ఇలాంటి చోట మనవాళ్ళు ఏమంటారో, ఇక్కడ ఎలా జవాబివ్వాలో చెప్పండి. శుక్రవారం లోపు ఆవిడకు ఏదో ఒకటి రాయాలి.

ముక్కుసూటి
బిజీ అంటే సరిపోయేదానికి చెవులు, మెడలు, మోకాళ్ళు ఎందుకు? "మేడమ్, నేనేం చెయ్యాలి?" అని అడిగెయ్. టాపిక్ క్లోజ్.

వార్డు_సిస్టర్
తమ్ముడూ, చెయ్యమనే. నేను బర్మింగ్‌హామ్‌లో నర్సుగా చాలా ఏళ్ళ నుంచి ఉన్నాను. ఇక్కడ పైవాళ్ళు "ఇది నువ్వు చెయ్" అని ముఖం మీద చెప్పడం తక్కువ. తమకు ఊపిరి సలపట్లేదని చెప్పి, పని నీ ముందు పెట్టి, నువ్వే "నేను చూస్తాలెండి" అనేదాకా ఊరుకుంటారు. మన ఇళ్ళలో అత్తగారు "అబ్బా, ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నా" అని గాలిలోకి అన్నట్టు. ఎవరి కోసం అన్నదో ఇంట్లో అందరికీ తెలుసు కదా!

రెండోదానికి మాస్టారు వస్తే బాగా చెబుతారు. నాకు తెలిసినంతవరకు "ఇన్ ఇట్" అన్న ఆ చిన్న ముక్కలోనే విషమంతా ఉంది.

గుంటూరు_మాస్టారు
వచ్చాను. సిస్టర్ గారు చెప్పింది నిజం. ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం సాగదీస్తాను, ముక్కుసూటి గారు క్షమించాలి.

ఇది నీళ్ళ లెక్క నాయనా. మనిషి నీళ్ళలో నిలబడి ఉన్నాడు, నీళ్ళు ఒంటిమీద ఎంతవరకు వచ్చాయన్నది కొలత. పదహారో శతాబ్దం నాటికే ఇంగ్లీషులో "ఓవర్ హెడ్ అండ్ ఇయర్స్" అనే మాట ఉంది. తలా చెవులూ మునిగేంత అని. అప్పులకూ అనేవారు, ప్రేమకూ అనేవారు. "అప్ టు ది ఇయర్స్", "అప్ టు ది ఐస్" అదే కుటుంబం. ఈ రోజుల్లో చెవులు, కళ్ళు ఎక్కువగా పనికే వాడుతున్నారు. అందులో నింద లేదు, కాస్త విసుగు, కాస్త గొప్ప, అంతే.

మెడ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. "అప్ టు మై నెక్ ఇన్ వర్క్" అని తన గురించి తాను అనుకుంటే పనే. "హీ ఈజ్ ఇన్ ఇట్ అప్ టు హిజ్ నెక్" అని ఇంకొకరి గురించి, అదీ పని పేరెత్తకుండా అన్నారంటే, ఆ వ్యవహారంలో అతనికి పూర్తి భాగం ఉందని. నేరంలో, మోసంలో, కుట్రలో. ఎంక్వైరీ తేలకముందే దోషి అని తీర్పు చెప్పేసినట్టు. అందుకే మాట మార్చారు. ఆ వాక్యం నువ్వు ఇంకెక్కడా తిరిగి అనకు.

డెస్కు_పక్షి
మాస్టారూ, దీనికి మన దగ్గర రెడీమేడ్ మాట ఉంది. నేను విజయవాడలో పేపర్ డెస్కులో సబ్ ఎడిటర్‌ని. స్కామ్ వార్త వస్తే చెయ్యి దానంతటదే టైప్ చేస్తుంది: "పీకల్లోతు కూరుకుపోయిన ఫలానా". కూరుకుపోవడం నీళ్ళలో కాదు, బురదలో. కుర్రాడు విన్న రెండోదానికి ఇది అచ్చంగా సరిపోతుంది.

కానీ మొదటిదానికి "పీకల్లోతు" పనికిరాదు. స్కామ్‌లు కాక మా పేజీల్లో పీకల్లోతు మూడింటికే వెళ్తుంది: అప్పులు, కష్టాలు, ప్రేమ. "పీకల్లోతు ప్రేమలో హీరోయిన్" అని సినిమా పేజీ వాళ్ళు నెలకోసారైనా పెట్టకపోతే నిద్రపట్టదు. పనికైతే "తలమునకలు". మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, ఆ రోజుల్లో ఏ జిల్లా పేజీ తిప్పినా "ఏర్పాట్లలో అధికారులు తలమునకలు". "పీకల్లోతు ఏర్పాట్లలో అధికారులు" అని ఎవడైనా రాస్తే, ఏర్పాట్లలో డబ్బులేమైనా నొక్కేశారా అని చదివేవాడికి అనుమానం వస్తుంది.

ఓరుగల్లు_పోరి
మా దిక్కు ఇవేవీ అక్కర్లేదు. "పుర్సత్ లేదు" అంటే అయిపోయె. ఉర్దూ నుంచి వచ్చిన మాటే అయినా మా అమ్మమ్మ కూడా అంటది. నాట్లు పడేటప్పుడు ఫోన్ చేస్తే "తల గోక్కునే పుర్సత్ లేదు బిడ్డా, పొద్దుమూకినంక జెయ్" అని పెట్టేస్తది.

డెస్కు అన్నా, తలమునకలు అని పేపర్ల చదువుడే గానీ, ఇంట్ల ఎవరన్నా అంటరా?

డెస్కు_పక్షి
అనరు. ఒప్పుకుంటా. ఇంట్లో "క్షణం తీరిక లేదు" అంటారు. మా నాన్నైతే వెంటనే రెండో సగం తగిలిస్తాడు: "దమ్మిడీ ఆదాయం లేదు". రాత్రి డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా అదే స్వాగతం.

డల్లాస్_దొర
అమెరికాలో చెవుల దాకా ఎవరూ రానివ్వరండీ, ముందే "స్వాంప్డ్" అంటారు. చిత్తడిలో మునిగానని. ఆఫీసు మెయిళ్ళలో రోజూ చూసే మాట ఇదే, తర్వాత "స్నోడ్ అండర్", మంచు మీదపడి కప్పేసిందని. ఎండలు మండిపోయే టెక్సాస్‌లో కూర్చుని "స్నోడ్ అండర్" అంటుంటే మొదట్లో నవ్వొచ్చేది.

మెడ మాటకి ఇక్కడ ఒక ప్రసిద్ధమైన జోకు ఉంది, ప్రాజెక్టు మేనేజర్లు గోడకు అంటించుకుంటారు. మెడ దాకా మొసళ్ళు చుట్టుముట్టినప్పుడు, అసలు మనం దిగింది మడుగు ఎండగట్టడానికన్న సంగతి గుర్తుండదు, అని. ఫ్లోరిడా, లూజియానా చిత్తడి నేలల్లో మొసలి జాతి ఎలిగేటర్లు నిజంగానే ఉంటాయి కాబట్టి ఆ మాటకు అంత పట్టు. అది విన్న దగ్గర్నుంచి నాకు ప్రతి స్టేటస్ మీటింగూ మొసళ్ళ మడుగే.

భద్రాద్రి_బాబు
నేను ఎక్కువ రాయను గానీ ఈ నీళ్ళ లెక్క చూసి ఆగలేకపోయాను. మాది భద్రాచలం. ఇక్కడ గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మైకులో అడుగులే చెబుతారు. కానీ ఊళ్ళో ఎవరూ ఒకరినొకరు అడుగుల్లో అడగరు. "మీ వీధిలో ఎందాకా వచ్చింది?" అంటే "మోకాలి లోతు", "మొల లోతు", "గుండెల దాకా". మోకాలి లోతు అంటే బియ్యం బస్తా మంచమ్మీదకు ఎక్కించాలి. మొల లోతు అంటే పశువుల కట్లు విప్పెయ్యాలి. గుండెల దాకా అన్నారంటే పిల్లల్ని భుజాలకెత్తుకుని బయల్దేరడమే.

1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ అదే రికార్డు. 2022 జూలైలో 71.3. అప్పుడు మా ఇంటి గుమ్మం పైన పడిన బురద గీత ఇంకా ఉంది. సున్నం వేసినా కింద నుంచి తేలుతుంది.

పీకల దాకా నీళ్ళొచ్చినవాడు "పనిలో ఉన్నాను" అనడు కదండీ. మనకు పీకల్లోతు మాట అప్పుకూ కష్టానికీ ఎందుకు పోయిందంటే అందుకే అనుకుంటాను. ఇంకో బెత్తెడు వస్తే ప్రాణం పోతుంది.

గుంటూరు_మాస్టారు
బాబూ, నేను పాఠంలో చెప్పాల్సిన ముక్క నువ్వు చెప్పావు. దానికి ఒకటి కలుపుతాను, కుర్రాడికి అసలు కావలసింది అదే.

నీళ్ళు తల దాటాక రెండు భాషలూ విడిపోతాయి. మన తలమునకలు మాటను విడగొట్టి చూడండి: తల, మునక. తల కూడా మునిగింది! అయినా తెలుగులో దానర్థం ఒళ్ళు తెలియకుండా పని చేస్తున్నాడని మాత్రమే. అందులో ఓటమి లేదు. అదే ఇంగ్లీషులో నీళ్ళు తల దాటాయంటే, "అయామ్ ఇన్ ఓవర్ మై హెడ్" అంటే, ఈ పని నా వల్ల కావట్లేదు, నా స్థాయికి మించిందని. మన వాళ్ళు దీనికి నీళ్ళు వదిలేసి మోత దగ్గరికి వెళ్ళారు: "తలకు మించిన భారం".

కాబట్టి నాయనా, మనసులో "టెస్టింగ్‌లో తలమునకలుగా ఉన్నాను" అనుకుని దాన్ని మాటకు మాట దింపి "అయామ్ ఇన్ ఓవర్ మై హెడ్ విత్ టెస్టింగ్" అని మేనేజరుకు రాసేవు. ఆవిడ నిన్ను ట్రైనింగ్‌కి పంపుతుంది. చెవుల దగ్గరో కళ్ళ దగ్గరో ఆగిపో.

ముక్కుసూటి
సరే, ఇది మాత్రం పనికొచ్చే మాట. కానీ మాస్టారూ, తెలుగులో "నిండా మునగడం" సంగతేమిటి? నిండా మునిగినవాడికి చలేమిటి అంటాం. అది ఓటమే కదా? తెలుగులో మునిగితే ఓటమి లేదని అప్పుడే అంత గట్టిగా ఎలా చెబుతారు?

గుంటూరు_మాస్టారు
ఓటమే, కాదనను. నేను చెప్పింది తలమునకలు అన్న మాట గురించే. "వ్యాపారంలో నిండా మునిగాడు" అంటే ఇల్లు తాకట్టు పెట్టాడని. "వ్యాపారంలో మునిగిపోయాడు" అంటే ఒక్కోసారి నష్టపోయాడని, ఒక్కోసారి ఇంటికి రాకుండా దాంట్లోనే ఉన్నాడని, చెప్పేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. "ఆనందంలో మునిగి తేలుతున్నారు" అంటే మళ్ళీ వేరే. తేలడం చేరితే చాలు, ప్రమాదం తప్పినట్టే. ఒక్క మునగడంతో ఇన్ని చేస్తాం మనం.

డల్లాస్_దొర
ఆవిడ ముఖం చాట్‌లో కనపడదు కదా మాస్టారూ, అదే కుర్రాడి బాధ 😄

వార్డు_సిస్టర్
ముఖం అంటే గుర్తొచ్చింది. వీడియో కాల్‌లో "పని ఇక్కడిదాకా ఉంది" అని చెయ్యి పీక దగ్గర పెట్టి చూపించకండి ఎవరూ. ఇక్కడ "ఐ హావ్ హాడ్ ఇట్ అప్ టు హియర్" అంటూ చేసే సైగ అదే. ఇక నా వల్ల కాదు, విసిగిపోయానని. మనమూ విసుగొస్తే పీక మీద చెయ్యి పెట్టి "ఇక్కడిదాకా వచ్చింది నాకు" అంటాంగా, అదే.

ఇంకోటి. మా వార్డులో "అప్ టు మై ఐస్" అనేది ఎక్కువగా కాగితాల పని మీద ఉన్నవాళ్ళు. మంచాల మధ్య పరుగెత్తే మేమైతే "రష్డ్ ఆఫ్ మై ఫీట్" అంటాం. కాళ్ళు నేల మీద ఆనకుండా తిరుగుతున్నామని. హోటల్లో వడ్డించేవాళ్ళు, షాపులవాళ్ళు కూడా ఇదే అంటారు. కూర్చుని పని చేసేవాడు ఈ మాట అంటే కొంచెం వింతగా చూస్తారు. మనవాళ్ళ "కాలు ఒక్కచోట నిలవట్లేదు" దీనికి దగ్గర. కాలికి బలపం కట్టుకుని తిరగడం మాత్రం కాదు, అది ఊళ్ళు తిరిగేవాళ్ళకు.

అనువాదిని
మెడ, చెవులు, కళ్ళు, కాళ్ళు అయ్యాయి. మోచేతులు ఎవరూ పట్టించుకోలేదు, పాపం. "అప్ టు మై ఎల్బోస్". ఇందులో నీళ్ళూ ఉండక్కర్లేదు, మునగడమూ లేదు. చేతులు రెండూ పనిలో ఉన్నాయి, అంతే.

మా ఇంట్లో మే నెల ఆవకాయ కలిపే రోజు చూస్తే ఇది మన మాటే అనిపిస్తుంది. పెద్ద బేసిన్‌లో ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు. అమ్మ గాజులు పైకి తోసుకుని మోచేతుల దాకా దించి అడుగు నుంచి కలుపుతుంటుంది, నాన్న పక్కన నిలబడి నూనె సన్నటి ధారగా పోస్తుంటాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. ఏటా! "ఎవరో చూడవే, చేతులు ఖాళీ లేవు" అని కేక. ముక్కు దురద పెడితే భుజానికి రుద్దుకోవడమే, చెయ్యి ముఖం దగ్గరికి పోతే అంతే సంగతులు. ఆ పూట అమ్మ మోచేతుల్ని చూస్తే ఇంగ్లీషు మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

"చేతులు ఖాళీ లేవు" అన్నది నేను సబ్‌టైటిల్స్‌లో కూడా వాడతాను. "చేతినిండా పని" అంటే అర్థం పక్కకు జరుగుతుంది, అది మంచి మాట. చేతినిండా పనుందంటే దేవుడు చల్లగా చూశాడని.

ఓరుగల్లు_పోరి
అక్కా, మా దిక్కు తొక్కు అంటం దాన్ని. మామిడికాయ తొక్కు. కానీ మోచేతుల సంగతి సేమ్ టు సేమ్.

కొత్తూరు_కుర్రాడు
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంకో చిన్న డౌట్. "బిజీ యాజ్ ఎ బీ" అనొచ్చా ఆఫీసులో? స్కూల్లో బట్టీ పట్టించారు.

గుంటూరు_మాస్టారు
అనొచ్చు గానీ పెద్దవాళ్ళు పిల్లల్ని మెచ్చుకుంటున్నట్టు ఉంటుంది. మేనేజరును అంటే అసలు బాగుండదు. ఆ పోలిక చాలా పాతది, 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ రాశాడు. తమాషా ఏమిటంటే అక్కడ అది మెచ్చుకోలు కాదు. మగవాళ్ళను మోసం చెయ్యడంలో ఆడవాళ్ళు తేనెటీగల్లా తీరిక లేకుండా ఉంటారని ఒక పాత్ర ఎత్తిపొడుస్తాడు. స్కూల్లో ఆ సంగతి చెప్పరు కదా.

వార్డు_సిస్టర్
చెప్పి ఉంటే మేమూ శ్రద్ధగా వినేవాళ్ళం మాస్టారూ!

నిర్వాహకుడు
ఆవకాయ, తొక్కు కొలతల మీద వచ్చిన పోస్టుల్ని వంటల విభాగానికి మార్చాను. గొడవ అక్కడ పెట్టుకోండి. ఇక్కడ కుర్రాడి జవాబు తేలనివ్వండి.

డల్లాస్_దొర
కుర్రాడూ, నా ఓటు ఇది. పని తీసుకో, కానీ ఎప్పుడో చెప్పు. "హ్యాపీ టు టేక్ దిస్. అప్ టు మై ఐస్ ఇన్ టెస్టింగ్ టిల్ థర్స్‌డే, విల్ డూ ఇట్ ఫ్రైడే మార్నింగ్." వట్టి "అయామ్ బిజీ" అని మాత్రం రాయకు. మన ఊళ్ళో అది మామూలు మాట. ఇంగ్లీషులో చెయ్యి అడ్డం పెట్టినట్టుంటుంది.

ముక్కుసూటి
మన ఊళ్ళో మాత్రం మామూలు మాటా? మా బాబాయికి ఒకసారి ఫోన్లో "బిజీగా ఉన్నా బాబాయ్" అంటే "ఏరా, కలెక్టరువి అయ్యావా?" అన్నాడు. పెద్దవాళ్ళకు "చిన్న పనిలో ఉన్నాను బాబాయ్, పావుగంటలో చేస్తా" అనాలి. పని ఎంత పెద్దదైనా చిన్నదనే చెప్పాలి మన దగ్గర. వాళ్ళు చెవుల దాకా పెంచి చెబుతారు, మనం చిటికెన వేలంత తగ్గించి చెబుతాం.

భద్రాద్రి_బాబు
ముక్కుసూటి గారు ఇంత పెద్ద పోస్టు రాయడం ఇదే మొదటిసారి కాబోలు.

ముక్కుసూటి
తీరిక దొరికింది.

కొత్తూరు_కుర్రాడు
డల్లాస్ అన్న చెప్పినట్టే రాసి పంపాను, "హ్యాపీ టు టేక్ దిస్"తో మొదలుపెట్టి. రెండు నిమిషాల్లో "యూ ఆర్ ఎ స్టార్" అని వచ్చింది. అంటే ఫైలు నాదే. శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాలి.

అనువాదిని
కుర్రాడి పని అయింది కాబట్టి నాది అడుగుతాను, ఎవరైనా సాయం పట్టండి. ఒక బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్‌కి సబ్‌టైటిల్స్ చేస్తున్నాను. ఇన్‌స్పెక్టర్ కారు దిగుతూ ఇదే మాట అంటాడు, "హీ ఈజ్ ఇన్ ఇట్ అప్ టు హిజ్ నెక్". తెర మీద రెండు సెకన్లే. "ఈ వ్యవహారంలో అతను పీకల్లోతు కూరుకుపోయాడు" అని రాస్తే చదివేలోపు సీను మారిపోతుంది. "వాడికీ ఇందులో చెయ్యుంది" అని పెట్టనా?

డెస్కు_పక్షి
"వాడు పూర్తిగా ఇరుక్కుపోయాడు"?

గుంటూరు_మాస్టారు
ఇరుక్కుపోయాడంటే పాపం అనిపిస్తుంది. ఎవరో ఇరికించి ఉండొచ్చు కూడా. ఇన్‌స్పెక్టరుకు వాడి మీద జాలి లేదు కదమ్మా. చెయ్యుంది అంటే మరీ తక్కువ, వేలు పెట్టినవాడికైనా సరిపోతుంది. మెడ దాకా దిగినవాడికి చెయ్యి చాలదు.

ఓరుగల్లు_పోరి
"అంతా వాడే చేసిండు" అని పెట్టు అక్కా, ఖతం.

అనువాదిని
అమ్మో, ఇది రెండో ఎపిసోడే. ఇంకో నాలుగున్నాయి, ఇప్పుడే హంతకుణ్ణి చెప్పేస్తే నా డబ్బులివ్వరు. "పీకల్లోతు కూరుకుపోయాడు" వరకే ఉంచి మిగతాది కోసేస్తున్నాను. ఎందులో అన్నది చూసేవాళ్ళకు తెలుసు, శవం ఇంకా తెర మీదే ఉంది.